చిన్న ఎస్‌యూవీకి తక్కువ ఖర్చులో టాప్ క్యారియర్: ఏది తీసుకుంటే మంచిది?

బ్రాడీపేట_బాబు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బండి రెనో కైగర్, పైన రూఫ్ రెయిల్స్ (కప్పు రెండు పక్కలా పొడవుగా ఉండే పట్టీలు) ఉన్న వేరియంట్. ఇంట్లో ఐదుగురం. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మడత వీల్‌చైర్ వెంట ఉండాల్సిందే. డిక్కీ 405 లీటర్లు, ఈ సైజు బండికి అది ఎక్కువే. అయినా వీల్‌చైర్ పెట్టాక రెండు బ్యాగులకు మించి పట్టడం లేదు. వచ్చే నెల తిరుమల వెళ్లాలి, వీలైతే కార్తీకంలో శ్రీశైలం, సంక్రాంతికి రేపల్లె పక్కన మా ఊరు. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం, పచ్చళ్లు, కొబ్బరికాయలు ఎలాగూ తప్పవు.

టాప్ క్యారియర్ పెట్టిద్దామని నాలుగు చోట్ల అడిగాను. ఆటోనగర్‌లో ఒకాయన ఇనుప పైపులతో క్యారియర్ నాలుగున్నర వేలకు చేసిస్తానన్నాడు. ఆన్‌లైన్‌లో అల్యూమినియం క్రాస్ బార్ల (రెయిల్స్‌కి అడ్డంగా బిగించే కడ్డీలు) జత నాలుగైదు వేలలో దొరుకుతోంది. థూలే లాంటి కంపెనీవి చూస్తే పాతిక వేల పైమాటే. నా బడ్జెట్ అన్నీ కలిపి ఎనిమిది వేలు. వీల్‌చైర్ పైన కట్టేస్తే డిక్కీ ఖాళీ అవుతుందని నా ఆలోచన. రూఫ్ సొట్ట పడుతుందా? పోలీసులు ఆపుతారా? మైలేజీ ఎంత పడిపోతుంది? వాడినవాళ్లు చెప్పండి.

పటమట_ఇంజనీర్

బాబు గారూ, ఏ క్యారియర్ అన్నది తర్వాత చూద్దాం. ముందు బండి పైన ఎంత బరువు పెట్టవచ్చో చూడండి. కైగర్ రెయిల్స్ 50 కిలోల వరకు మోస్తాయని కంపెనీయే చెప్పింది. ట్రైబర్, మాగ్నైట్ బండ్లకూ అదే అంకె. మీ బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో కూడా ఒకసారి సరిచూసుకోండి, వేరియంట్‌ని బట్టి రెయిల్స్ ఉండటం లేకపోవడం మారుతుంది.

ఆ 50 కిలోల్లో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. ఇనుప పైపుల క్యారియర్ పదిహేను కిలోలు ఉందనుకోండి, సామానుకు మిగిలేది 35. ఇప్పుడు బజార్లో బియ్యం బస్తా 26 కిలోలది వస్తోంది, 25 కిలోల లోపు ప్యాకింగ్‌కు 2022లో జీఎస్టీ పెట్టినప్పటి నుంచి. ఒక్క బస్తా, దాని మీద చిన్న బ్యాగు, అంతే. రెండో బస్తా వేస్తే హద్దు దాటేశారు. అదే అల్యూమినియం బార్ల జత అయిదు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. పది కిలోలు అక్కడే కలిసొస్తాయి.

ఇంకో సంగతి. ఈ 50 కిలోలు బండి మొత్తం పరిమితిలో భాగమే, దానికి అదనం కాదు. ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుని, డిక్కీ నిండా నింపి, ఆ పైన రూఫ్ మీద కూడా పూర్తి బరువు వేస్తే టైర్లకూ బ్రేకులకూ మించిన పని అవుతుంది. పొడి రోడ్డు మీద బ్రేక్ గట్టిగా కొడితే పైనున్న 40 కిలోల సామాను సుమారు 32 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. ఆ తోపును ఆపాల్సింది క్లాంపులు, బెల్టులు. కొనేటప్పుడు ఇది దృష్టిలో పెట్టుకోండి.

ఆటోనగర్_పాతకాపు

నేను పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్‌కీ, మారుతీ వ్యాన్‌కీ పైన చుట్టూ వాననీటి గట్టర్ ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గట్టర్‌ని పట్టుకునేవి, బరువు అక్కడి నుంచి తిన్నగా డోర్ పిల్లర్లలోకి దిగేది. రూఫ్ రేకు మీద భారమే పడేది కాదు. బస్తాలు వేసుకుని తిరిగినా ఏమీ అయ్యేది కాదు. ఆ రోజుల అలవాటుతోనే ఇప్పటికీ కొందరు అదే మోడల్ క్యారియర్ చేసి, గట్టర్ లేని కొత్త బండి మీద నాలుగు రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెడుతున్నారు. ఈ బండ్ల రూఫ్ రేకు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. నాలుగు చోట్లే బరువు పడితే రేకు లోపలికి దిగుతుంది. దిగిన రేకు మళ్లీ నున్నగా రావడం కష్టం.

ఇనుప క్యారియర్ తప్పని నేను అనను. చేయించుకుంటే దాని కాళ్లు రెయిల్‌నే పట్టుకోవాలి, రేకును అసలు తాకకూడదు. ఎవరైనా "డ్రిల్ వేసి బోల్టు కొడతాను సార్, కదలదు" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఆరు ఎయిర్‌బ్యాగుల బండ్లకు కర్టెన్ ఎయిర్‌బ్యాగు సరిగ్గా ఆ అంచు లోపలే మడిచి ఉంటుంది. అది లేని బండ్లలోనూ వైర్లు పోతుంటాయి. వేసిన రంధ్రం నుంచి నీళ్లు దిగి లోపలి క్లాత్ మరకలు పడటం, తుప్పు పట్టడం నేను చాలా బండ్లకు చూశాను.

ముందు మీ రెయిల్ చూసుకోండి. రెయిల్ కింద వేళ్లు దూరేంత సందు ఉందా? చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి. కిర్రుమన్నా, చివరలు కొంచెం కదిలినా అది షోకు పెట్టిన రెయిల్ అని అర్థం, దాని మీద ఏమీ కట్టకూడదు.

లబ్బీపేట_అక్క

బాబు గారూ, వీల్‌చైర్ మాత్రం పైన పెట్టకండి, దయచేసి. మా అత్తగారికి కూడా ఉంది కాబట్టి చెబుతున్నాను. మామూలు స్టీలు వీల్‌చైర్ పదిహేను నుంచి ఇరవై కిలోలు ఉంటుంది. దాన్ని తల ఎత్తుకు పైన ఎక్కించడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. పైగా అది దారిలో అన్నిటికంటే ఎక్కువసార్లు కావాల్సిన వస్తువు. టిఫిన్‌కి ఆగితే కావాలి, బాత్‌రూమ్‌కి ఆగితే కావాలి. ఆగిన ప్రతిసారీ బెల్టులు విప్పి, దింపి, మళ్లీ ఎక్కించి కట్టాలంటే పెద్దాయన "నాకోసం ఎందుకులేరా" అని బండి దిగడమే మానేస్తారు. మా ఇంట్లో అత్తగారు అలాగే అనేవారు.

మేం తిప్పి పెట్టాం. వీల్‌చైర్ కాళ్ల రెస్టులు ఊడదీసి, మడిచి డిక్కీలో అడ్డంగా అన్నిటికంటే చివర పెడతాం, డోర్ తీయగానే చేతికొస్తుంది. బట్టల బ్యాగులు, దుప్పట్లు, దిండ్లు పైకి. అవి చోటు ఎక్కువ తీసుకుంటాయి, బరువు తక్కువ. క్రాస్ బార్ల మీద మెత్తటి రూఫ్ బ్యాగు వేస్తే సరిపోతుంది, అది మడిచి అటక మీద పెట్టుకోవచ్చు కూడా. పచ్చడి జాడీలు, బియ్యం ఎప్పుడూ కిందే, వెనక సీటుకు ఆనించి.

రూఫ్ బ్యాగు కొనేటప్పుడు "వాటర్‌ప్రూఫ్" అన్న మాట నమ్మి ఊరుకోకండి. కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉందా, జిప్పు మీద మూత ఫ్లాప్ ఉందా చూడండి. ఉన్నా సరే, బట్టలు ఒక్కో పాలిథిన్ కవర్లో పెట్టే మేం బ్యాగులో సర్దుతాం. కదులుతున్న బండి మీద వాన ఎదురు కొడుతుంది, నిలబడి ఉన్నప్పటి వాన వేరు. జిప్పు వెనక వైపుకి వచ్చేలా వేయండి.

మంగళగిరి_మైలేజీ

మైలేజీ సంగతి నేను చెబుతాను. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పెద్ద రూఫ్ బాక్సు ఉంటే ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, వాళ్ల ఇంటర్‌స్టేట్ వేగంలో, అంటే గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల దగ్గర, 10 నుంచి 25 శాతం వరకు మైలేజీ పడిపోతుంది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 80లో ఉన్న అడ్డు 100కి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

మన లెక్కలో చూద్దాం. గుంటూరు నుంచి తిరుపతి రానుపోను 750 కిలోమీటర్లు అనుకోండి. 17 ఇచ్చే బండి పది శాతం తగ్గి 15.3 ఇస్తే అయిదు లీటర్లు ఎక్కువ తాగుతుంది. మన దగ్గర పెట్రోలు ధరకి ఐదొందల పైన. ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలకు అది పెద్ద ఖర్చు కాదు. కానీ వచ్చాక క్యారియర్ విప్పకుండా రోజూ ఆఫీసుకి అలాగే తిరిగితే ఏడాది పొడవునా వృథా. అందుకే విప్పి దాచుకోగలిగేది కొనండి. నేను బార్లకే ఓటు వేస్తాను. హైవే ఖాళీగా ఉంది కదా అని తొక్కకుండా 80-90లో వెళ్లండి, సగం తేడా అక్కడే తగ్గుతుంది.

రూల్_ప్రకారం

పోలీసుల గురించి అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అభ్యంతరం చెప్పేది బండి మౌలిక రూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పుకి. రిజిస్ట్రేషన్ వివరాలకూ బండికీ తేడా రాకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. డ్రిల్ లేకుండా కంపెనీ రెయిల్‌కి బిగించి, కావాలంటే విప్పుకునే బార్ నిర్మాణంలో మార్పు కాదని నా అభిప్రాయం. వెల్డింగ్ చేసి శాశ్వతంగా కూర్చోబెట్టినదానికి ఆ మాట చెప్పలేను.

అసలు జాగ్రత్త పడాల్సింది సామాను విషయంలో. 2019 సవరణతో వచ్చిన 194(1ఎ) ప్రకారం సామాను బండి పక్కలకు గానీ, ముందుకు వెనక్కు గానీ పొడుచుకు వచ్చినా, అనుమతించిన ఎత్తు మించినా చట్టంలో రాసిన జరిమానా 20,000 రూపాయలు. దించే ఖర్చు కూడా మనదే. బార్ల చివరలు కూడా రెయిల్ దాటి బయటకు రాకుండా చూసుకోండి, పక్కన నిలబడ్డవాళ్ల తలకు తగులుతాయి.

ఇన్సూరెన్సు రెన్యువల్‌లో యాక్సెసరీల విలువ కలపమని అడగండి. చెప్పని వస్తువుకు క్లెయిము రాదు.

బ్రాడీపేట_బాబు

అందరికీ చాలా కృతజ్ఞతలు. అక్కగారూ, మీరు చెప్పింది చదివి ఇంట్లో వినిపించాను. నాన్నగారు తల ఊపారు. వీల్‌చైర్ డిక్కీలోనే.

పాతకాపు గారూ, రెయిల్ గట్టిగానే ఉంది, కింద రెండు వేళ్లు దూరుతున్నాయి. సన్‌రూఫ్ లేదు. ఇప్పుడు బార్లలోనే ప్రశ్న. చదరపు ఇనుప బార్లు కొంచెం చవక, రెక్కలాంటి అల్యూమినియం బార్లు ఇంకో వెయ్యి ఎక్కువ. డబ్బాల మీద ఒకటి 75 కిలోలు, ఇంకొకటి 100 కిలోలు అని రాసి ఉంది. ఏది నమ్మాలి?

పటమట_ఇంజనీర్

బార్ అంకె, రెయిల్ అంకె రెండిట్లో చిన్నది ఏదో అదే మీ హద్దు. బార్ 100 మోసినా రెయిల్ 50 అంటే 50కే ఆగాలి. డబ్బా మీద రాసినది బార్ గురించి మాత్రమే.

రెండు బార్ల మధ్య దూరం 70 సెంటీమీటర్లకు తగ్గకుండా పెట్టండి. దగ్గరగా పెడితే బ్యాగు ముందూ వెనకా వేలాడి ఊగుతుంది.

ఆటోనగర్_పాతకాపు

చదరపు బార్ ఈల వేస్తుంది తమ్ముడూ, వేగం 70 దాటితే లోపల మాటలు వినపడవు. వెయ్యి ఎక్కువైనా రెక్క బార్ తీసుకో.

చవక బార్లలో మోసం ఉంటే అది క్లాంపులోనే ఉంటుంది. పైన బార్ ఎవరిదైనా ఒకటే అల్యూమినియం. క్లాంపు మూత తీసి చూడు. రెయిల్‌ని పట్టుకునే దవడ స్టీలు పట్టీ అయి ఉండాలి, దాని మీద మందపాటి రబ్బరు ఉండాలి. ఒట్టి ప్లాస్టిక్ అయితే వద్దు. మన ఎండకు ప్లాస్టిక్ రెండు వేసవులు ఆగదు. బోల్టుకి అయస్కాంతం పెట్టి చూడు. మామూలు ఇనుము గట్టిగా అంటుకుంటుంది, మంచి స్టెయిన్‌లెస్ పెద్దగా అంటుకోదు. అల్యూమినియంలో ఇనుప బోల్టు ఉంటే వానాకాలం తర్వాత అక్కడే పట్టేసి, తిప్పితే తెగుతుంది. సూర్యలంక, మచిలీపట్నం వైపు ఎక్కువ తిరిగేవాళ్లకైతే ఇంకా తొందరగా.

బిగించే ముందు రెయిల్ తడిగుడ్డతో తుడువు. రబ్బరు కింద ఇసుక రేణువు ఉంటే రంగు గీరుకుపోతుంది. ఎలెన్ కీ తో ఒక వైపు పూర్తిగా బిగించేసి రెండో వైపుకి వెళ్లకు, అటు కొంచెం ఇటు కొంచెం. డబ్బాలో బిగింపు కొలత ఇస్తే అంతే, బలం ఉంది కదా అని అతిగా తిప్పితే మర పోతుంది. బిగించాక బార్ పట్టుకుని ఊపు. బండి మొత్తం ఊగాలి, బార్ ఒక్కటీ కదలకూడదు. సామాను ఎక్కించి బయలుదేరాక యాభై కిలోమీటర్ల దగ్గర ఎక్కడైనా ఆగి మళ్లీ ఊపి చూడు. రబ్బరు సర్దుకుని అర చుట్టు వదులవుతుంది.

తెనాలి_డ్రైవ్

నేను కొంచెం తేడాగా చెబుతాను. పెద్ద కంపెనీది పాతిక వేలు ఊరికే తీసుకోదు. బండి మోడల్‌ని బట్టి కాళ్లు వేరుగా ఇస్తారు, పరీక్ష చేసి అంకె రాస్తారు, అయిదేళ్ల తర్వాత కూడా రబ్బరు ముక్కలు విడిగా దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో పేరులేని అమ్మకందారు దగ్గర కొన్న బార్ల క్లాంపు నాకు ఎండకి పగుళ్లు వచ్చింది. కదులుతుండగా ఊడలేదు, కడుగుతుంటే కనబడింది. ప్రాణాలకు సంబంధించిన విషయం, వెనక వచ్చే బైకు మీదివాళ్ల ప్రాణాలు కూడా. డబ్బు కూడబెట్టి మంచిదే కొనమంటాను.

ఆటోనగర్_పాతకాపు

నీ మాట కాదనను. నెలకు రెండుసార్లు కట్టుకుని తిరిగేవాడికి, సైకిళ్లు మోసేవాడికి పెద్ద కంపెనీదే సరి. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఇరవై, పాతిక కిలోల బట్టల బ్యాగుకి నేను చెప్పిన స్టీలు దవడ బార్ చాలు. షాపులో చేత్తో పట్టుకుని చూసి కొనాలి, ఫొటో చూసి కాదు. ఇంటికి ఆర్డర్ పెట్టినా బిగించే ముందు మూత విప్పి చూసి, నచ్చకపోతే తిప్పి పంపేయాలి.

లబ్బీపేట_అక్క

తిరుమల వెళ్తున్నారు కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి. అలిపిరి దగ్గర సామానంతా దించి స్కానింగ్‌కి పెట్టాలి. పైన కట్టిన బ్యాగు కూడా. వెనక బండ్లు బారులు తీరి ఉంటాయి, కంగారులో ముడులు రావు. అందుకే తాళ్లు వద్దు, బకిల్ ఉన్న బెల్టులు వాడండి. వీలైతే పైనున్న బ్యాగును తిరుపతిలో దిగిన గదిలోనే వదిలి, కొండకు కావాల్సిన ఒక్క బ్యాగుతో వెళ్లండి. ఘాట్ మలుపుల్లో పైన బరువు లేకపోతే బండి ఒరగదు, నాన్నగారికీ సుఖం.

శ్రీశైలం అయితే దోర్నాల దాటాక అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, ఆలోగా దాటేలా బయలుదేరండి. అక్కడ కోతులు ఎక్కువ. పైన బ్యాగులో తినేవి ఏమీ పెట్టవద్దు, అరటిపండు తొక్క వాసన కూడా తగలకూడదు. ఆగిన రెండు నిమిషాల్లో బ్యాగు చీల్చేస్తాయి.

ఇంకో చిన్న విషయం. బెల్టు చదునుగా లాగి కడితే గాలికి బుర్రుమని ఒకటే మోత. కట్టేటప్పుడు బెల్టుని ఒకటి రెండు మెలికలు తిప్పి కట్టండి, మోత ఆగిపోతుంది. మిగిలిన బెల్టు కొసను డోర్ సందులో ఇరికించకుండా చుట్టి, బెల్టు కిందికే దోపండి. డోర్ సందులో ఇరికిస్తే వానలో ఆ బెల్టు పట్టుకునే నీళ్లు లోపలికి దిగుతాయి.

మంగళగిరి_మైలేజీ

సెల్లార్ ఎత్తు కూడా కొలుచుకోండి. బండి 1.6 మీటర్లు, బార్లు, దాని మీద నిండిన బ్యాగు అన్నీ కలిపితే రెండు మీటర్లు దాటుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో బీము కింద వేలాడే డ్రైనేజీ పైపులు ఇంకా కిందికి ఉంటాయి. మొత్తం ఎత్తు ఒక స్టిక్కర్ మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించండి. హోటల్ పార్కింగ్ దగ్గర బోర్డు చూడగానే తెలిసిపోతుంది.

బ్రాడీపేట_బాబు

కొనేశాను. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి, మూత తీయించి చూసి, స్టీలు దవడలున్న రెక్క బార్లే తీసుకున్నాను. తాళం కూడా ఉంది. బార్లు 4,800, బ్యాగు 2,300, బకిల్ బెల్టులు నాలుగు 600. బార్లు తూకం వేస్తే 5 కిలోలకు కొంచెం తక్కువ. బ్యాగు నింపాక 24. మొత్తం 30 లోపే ఉన్నాం.

తిరుమల వెళ్లి వచ్చాం. పోయేటప్పుడు ఒంగోలు ముందు ఆగి ఊపి చూస్తే పాతకాపు గారు అన్నట్టే ముందు ఎడమ క్లాంపు కొంచెం వదులైంది, బిగించాను. తర్వాత కదల్లేదు. బెల్టు మెలిక తిప్పే సలహాకి అక్కగారికి ప్రత్యేకంగా థ్యాంక్స్, మోత నిజంగా ఆగింది. నెల్లూరు దగ్గర గట్టి వాన తగిలింది, జిప్పు మూల నుంచి కొంచెం తడి దిగింది కానీ కవర్ల వల్ల బట్టలు పొడిగానే ఉన్నాయి. నాన్నగారు దారిలో ఆగిన ప్రతిచోటా దిగారు.

తెనాలి గారూ, మీరు చెప్పిన పగుళ్ల విషయం మనసులో పెట్టుకున్నాను. వాడనప్పుడు విప్పి ఇంట్లో నీడలో పెడతాను, ప్రతి ప్రయాణానికి ముందు మూతలు తీసి చూస్తాను.

నున్న_రోడ్డు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా చిన్న ఎస్‌యూవీకి రెయిల్స్ లేవు, గట్టర్ కూడా లేదు. వేసవిలో హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి మామిడిపళ్ల పెట్టెలు తీసుకెళ్లడానికి ఏదైనా దారి ఉందా? కింద వాక్యూమ్‌తో అంటుకునేవి, గాలి నింపే ప్యాడ్లు చూశాను.

ఆటోనగర్_పాతకాపు

వాక్యూమ్‌వి మన ఎండలో వద్దు అన్నా. మే నెలలో మధ్యాహ్నం రూఫ్ మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి, దుమ్ముకి పట్టు వదిలేస్తాయి. గాలి ప్యాడ్లవి డోర్లలోంచి బెల్టు వేసి లోపల కట్టాలి, దగ్గరి ప్రయాణానికి తేలిక సామానుకైతే పర్వాలేదు, వానలో నీళ్లు కారతాయి. రెయిల్స్ లేని బండికి సరైనది డోర్ ఫ్రేమ్ పై అంచుని కొక్కెంతో పట్టుకునే రకం. ఆ కొక్కెం మీ మోడల్‌కే చేసినదై ఉండాలి. అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మేది డోర్ రబ్బరుని నలిపేస్తుంది, అంచు రంగు లేస్తుంది. రూఫ్ ఎంత మోస్తుందో మాన్యువల్‌లో రాసి ఉంటేనే అదైనా కొనండి. ఏమీ రాయకపోతే అడగకుండా పెట్టకండి.

మామిడిపళ్లకి మాత్రం ఏదీ వద్దు. పెట్టె ఎండలో హైదరాబాద్ చేరేసరికి పైవరస పళ్లు ఉడికినట్టు అయిపోతాయి. వెనక సీటు మడిచి, గడ్డి వేసి, ఏసీ తగిలేలా లోపలే పెట్టండి. మీ సూట్‌కేసులు పెద్దవైతే ఆ మోడల్ కొక్కెం బార్లు చూద్దాం. బండి పేరు, ఏ సంవత్సరందో చెప్పండి, ఏ కాళ్లు సరిపోతాయో అడిగి చెబుతాను.